మిరపకాయల పొయ్యి దగ్గర రాతొమిర్ రికార్డు

“ఆపవయ్యా ఆ గోల! నీ పాత బ్యాండు పాటలు పెట్టు, నలుగురూ కాళ్లయినా కదుపుతారు,” అని రాతొమిర్ భార్య మిలుంక పెరట్లోంచి అరుస్తోంది.

“ఆపావంటే ఊరుకోను! మిరపకాయలు మాడిపోతాయి,” అని పొయ్యి దగ్గర్నుంచి పొరుగింటి దెసాంక అడ్డుపడింది.

సెప్టెంబరు వస్తే సెర్బియాలోని మా ఊరు లెస్కోవాత్స్‌లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా పెరట్లో ఎర్ర మిరపకాయలు కాల్చి, చలికాలానికి అయ్‌వార్ పచ్చడి పెడతారు. రాతొమిర్ ఒకప్పుడు దేశాన్ని ఊపేసిన రాక్ బ్యాండులో గిటారిస్టు. ఏళ్ల తరబడి అవే పాటలు వాయించలేక బయటికొచ్చి, మాటల్లేని సొంత ఆల్బమ్ చేశాడు. దాన్నెవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఎప్పుడూ మనసుపెట్టి వినలేదు. మెచ్చుకునే మనిషి ఒక్కరైనా దొరక్కపోతారా అని ఏటా మిరపకాయలు కాల్చే రోజున పై అంతస్తు కిటికీలోంచి ఆ రికార్డే వినిపిస్తాడు.

“మిరపకాయలకీ దానికీ ఏంటే సంబంధం?” అంది మిలుంక.

“డ్రమ్స్ మొదలవగానే తిప్పాలి. చివరి పాటలో గిటారు ఏడుస్తుంది చూడు, అప్పుడు దించాలి. ఇన్నేళ్లలో ఒక్క కాయైనా మాడిందా?” అంటూ దెసాంక ఆ ఏడుపును ముక్కుతో పాడి వినిపించింది. ఒక్క స్వరం కూడా తప్పలేదు.

రాతొమిర్ మెట్లు దూకుతూ కిందికొచ్చి, ఆవిడ పక్కనే కూర్చుని కాయల తొక్క తీయడం మొదలెట్టాడు. కాసేపటికి రికార్డు ఆగింది. అప్పటికి ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. పక్కనే కాయలు అందిస్తున్న నా వైపు తిరిగాడు.

“ఒరేయ్ బాబూ, పైకెళ్లి రికార్డు తిప్పి పెట్టరా. వీళ్లు విసుక్కుంటారని రెండో వైపు ఎప్పుడూ వినిపించలేదు.”