నెత్తిమీది బిందె

మా ఇంట్ల ఆడపిల్ల ఎవ్వతీ నెత్తిమీద బరువు మోయొద్దని నేను ఎన్నడో ఒట్టు పెట్టుకున్న. పాలమూరు దిక్కు నుంచి పెండ్లయి ఈ ఒక్క అర్ర ఖోలీలుండే కామాటిపురా చాల్‌కు వచ్చిన కాడికెళ్ళి, నడుము వంగేదాక బిల్డింగుల మీద బిగారి కూలిపనే చేసిన. గమేలాల, అదే ఇనుప తట్టల, సిమెంటు మాలు మోసి మోసి నడినెత్తిన రూపాయి బిళ్ళంత జాగల వెంట్రుకలు మొలవకుండ పోయినయి. కొంగు కప్పుకుంటే ఎవ్వరికీ కనబడదు. నా తలకు నూనె రాసే మనవరాలికే ఎరుక.

బోనాల నాడు గూడ ఆ పిల్ల నెత్తికి బోనం ఎత్తనియ్యలే. చేతులల్ల పట్టిచ్చి నడిపిచ్చిన. గల్లీల ముసలోళ్ళు కోపానికి వచ్చిండ్రు.

"పోచమ్మ తల్లికి కూరగాయల సంచి లెక్క పట్టుకపోతరా?"

"తల్లి చేతులల్లకెళ్ళి గూడ తీసుకుంటది. మీ పని మీరు చూసుకోండ్రి" అన్న.

ఈ ఏడు ఆ పిల్ల యూనివర్సిటీ చదువు అయిపోయింది. కొలువు చూసుకుంటదనుకున్న. మలావి అట, ఆఫ్రికాల ఉన్నదట. ఆడ ఒక పల్లె బడిల రెండేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పనీకి పోతనన్నది.

"జీతమెంత?"

"జీతం లేదు ఆజీ. ఉండనీకి ఇల్లు, తిండి ఖర్చు ఇస్తరు. వాలంటీరు పని."

"ఇన్నేండ్లు చదివిచ్చింది ఉత్తగ చేయనీకా?"

ఆమె కొట్లాడలే. "నువ్వు వద్దంటే పోను. వచ్చే శుక్రవారం దాక జవాబు రాయాలె" అన్నది. కొడుకు, కోడలు గూడ నా మొఖమే చూసిండ్రు. వాండ్లకు వద్దనే ధైర్యం లేదు, పొమ్మనే ధైర్యమూ లేదు.

నిజం చెప్తున్న, దూరం అంటే నాకు భయం కాలే. పదహారేండ్లకు ఒక ట్రంకుపెట్టె పట్టుకొని రైలెక్కి వచ్చినదాన్ని. జీతం లేదన్న మాట గూడ రెండు రోజులకు మింగిన. దాదర్‌ల మూడు రోజులు ట్రైనింగుకు పోయి వచ్చింది. రోజుకు రెండు బకెట్ల నీళ్ళతోటి బతుకుడు అలవాటు చేసుకోండ్రి అని ఆడ చెప్పిండ్రంట. ఆ మాటకు ఇద్దరం నవ్వినం. మా చాల్‌ల మనిషికి రెండు బకెట్లంటే పండుగ.

ట్రైనింగు నుంచి ఒక కాయితం తెచ్చింది. నేను మూడో తరగతి చదివిన, అది గూడ తెలుగే. ఇంగ్లీషు కాయితం గనుక ఆమెతోటే చదివిచ్చుకున్న. ఒక కాడ ఆపమన్న. బోరింగు ఊరి అవతల ఉంటదట, ఎవరి నీళ్ళు వాండ్లే తెచ్చుకోవాల్నట.

"ఎట్ల తెస్తరు?"

"నెత్తిమీద."

ఇగ నా నోరు ఆగలే. "ఎవతెకన్న నాలుగు పైసలిచ్చి మోపిచ్చుకో. నువ్వైతే మోయొద్దు."

పిల్ల నా కొంగు దిక్కు చూసుకుంట అన్నది: "అంటే ఆ మోసెటామె నెత్తి నీ నెత్తి లెక్క అయినా ఏం కాదు, నాది మాత్రం కావొద్దు. అంతేనా అవ్వా?"

కాలేజీకి పోయిన కాడికెళ్ళి నన్ను మరాఠోళ్ళ లెక్క ఆజీ అంటుండె. ఆ రోజు మళ్ళ అవ్వా అన్నది.

నేను మోసిన మాలుతోటి లేసిన బిల్డింగులల్ల ఉండెటోళ్ళు గూడ తమ బిడ్డల గురించి గట్లనే అనుకొని ఉంటరు. రెండు దినాలు రొట్టెలు చేసి పెట్టిన, అంతే.

గురువారం పొద్దున నల్లా వచ్చినంక స్టీలు బిందె నింపి ఖోలీల ముంగటి పొడుగు గ్యాలరీల పెట్టిన. నా పాత చీర చింపి, మెలిపెట్టి, గుండ్రంగ చుట్టబట్ట చేసి ఆమె తలమీద కుదిరిచ్చిన. పిల్ల బిందెల సగం నీళ్ళు వంచబోయింది.

"వంచకు. సగం ఉంటే లోపల ఊగి నిన్నే పడేస్తది. నిండుగ ఉంటే కుదురుగ కూసుంటది."

ఒక్కతే ఎత్తుకోనీకి చూసింది. బిందె రొమ్ము దాక వచ్చి ఆగింది. పక్క ఖోలీ ఆమె పండ్లు తోముకుంట నిలబడి చూస్తున్నది.

"ఏం అక్కా, ఇంత చదివిచ్చి ఇదేనా కొలువు? నాకు గూడ రెండు బిందెలు తెమ్మను!"

"ముందు నోరు కడుక్కో. కడుక్కొని వచ్చి ఒక చెయ్యి వెయ్యి" అన్న.

ఆమె వచ్చేలోపల పిల్లకు చెప్పిన. "పని కాడ ఎవ్వతీ ఒక్కతే ఎత్తుకోదు బిడ్డా. పక్కామె నీకు ఎత్తిస్తది, నువ్వు ఇంకొకామెకు ఎత్తియ్యాలె. ఆడ పోయినంక ముందు నువ్వే పోయి చెయ్యి వెయ్యి. అప్పుడు నువ్వు అడిగినా సిగ్గు ఉండదు. నేనొక్కదాన్నే చేసుకుంటనంటే మెడ పోతది."

ఇద్దరం ఎత్తిచ్చినం. "కిందికి చూడకు. మెడ నిలబెట్టు. తొవ్వ కాళ్ళకు ఎరుకే."

నాలుగు అడుగులకే నీళ్ళు ఒలికి ఆమె బట్టలు తడిసినయి. కింద పడ్డ నీళ్ళు ఉత్తగ పోనియ్యలే, ఆ నీళ్ళతోటే గ్యాలరీ తుడిసిన. బిందె మళ్ళ నింపినం. మూడోసారి గ్యాలరీ కొస దాక పోయి, తిరిగి వచ్చింది. ఆమె నడుస్తుంటే నా మెడ గుంజింది. వద్దని ఒట్టు పెట్టుకున్నదాన్ని నా చేతులతోటే ఆమె నెత్తికి ఎత్తిన.

బిందె ఉన్నది గదా, నా దిక్కు తల తిప్పలేక ముందుకే చూసుకుంట అడిగింది.

"పోనా అవ్వా?"

"ముందు దించనియ్యి."

పక్కామె ఒక దిక్కు, నేను ఒక దిక్కు పట్టి దించినం. చుట్టబట్ట ఆమె తలమీదనే ఉండిపోయింది. తీసి, పిండి, చేతిల పెట్టిన.

"సంచిల పెట్టుకో. తడిసినప్పుడల్ల ఆరేసుకోవాలె, లేకుంటే మురుగుతది. పోయి జవాబు రాయి."