విలీనం అని రాసింది నేనే

బాపట్లలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకురాలిగా పనిచేసేదాన్ని. ఇంగ్లీషులో వచ్చిన ఉత్తర్వులను తెలుగులోకి మార్చడం నా పని. తెనాలిలో అద్దెకుంటూ రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. ఆదివారాలు మాత్రం రేపల్లెలో, మా ఖాలా ఇంట్లో. ఖాలా అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. దర్జీలుండే వీధి చివర రెండు గదుల ఉర్దూ బడిలో ఆవిడ ఒక్కతే టీచరు. నేను అక్షరాలు దిద్దుకున్నదీ అక్కడే.

ఒక వేసవిలో బడుల గురించిన ఉత్తర్వు నా బల్ల మీదికి వచ్చింది. పిల్లలు తక్కువున్న బడులను దగ్గర్లోని పెద్ద బడుల్లో కలిపేస్తారని దాని సారాంశం. నేను మొదట "కలుపుతున్నారు" అని రాశాను. మా సూపరింటెండెంట్ గారు పెదవి విరిచారు.

"అన్నంలో పప్పు కలిపినట్టుందమ్మా. ఆర్డరుకి బరువుండాలి."

"చేర్చుకుంటున్నారు అందామా అండి?"

"అది జాలిపడి రానిచ్చినట్టుంది. విలీనం అని వెయ్యమ్మా."

నాకూ ఆ మాట నచ్చింది. జాబితాలో ప్రతి వరుసకీ అదే అతికించుకుంటూ పోయాను. బడుల పేర్ల బదులు పొడవాటి నంబర్లున్నాయి. ఒక్కటీ పట్టించుకోలేదు. టీ వేళకి పని అయిపోయింది.

ఆ ఆదివారం ఖాలా తన ఫోను నా ముందు పెట్టింది. టీచర్ల గ్రూపులో ఎవరో ఆ ఉత్తర్వు పంపారు.

"బేటీ, ఈ విలీనం అంటే ఏంటి? మూసేస్తారనా, కలుపుతారనా?" అని ఒక వరుస కింద వేలు పెట్టింది. "ఈ నంబరు మనదే."

ఆ వాక్యం నాది. అందులోని కామాలు కూడా నావే.

"ఖాలా, ఇది నేనే రాశాను."

"నువ్వెందుకు రాస్తావు?"

"తెలుగు చేసింది నేను. మన బడని తెలీదు."

"తెలీకపోవడమేంటి? నంబరు గుమ్మం మీదే ఉంటుంది కదా!"

నిజమే. నీలం రంగులో రాసిన ఆ అంకెల కింద నుంచే ఐదేళ్ళు లోపలికీ బయటికీ తిరిగాను. ఖాలా తిట్టలేదు. "సరే, అర్థమన్నా చెప్పు" అంది.

"నీళ్ళలో ఉప్పు కరిగినట్టు" అన్నాను చివరికి.

"అయితే మూసేయడమే" అంది ఖాలా.

మర్నాడు సూపరింటెండెంట్ గారిని అడిగాను. "ఉర్దూలో చెప్పడం ఆపరని ఒక ముక్క చేర్చొచ్చా అండి?"

"ఇంగ్లీషులో ఉందా?"

"లేదండి."

"మరి తెలుగులోకి ఎలా వస్తుందమ్మా?"

బడులు తెరిచాక ఖాలాను కూడా ఆ పెద్ద బడికే పంపారు. అక్కడ ఆవిడకిచ్చింది మూడో తరగతి లెక్కలు, తెలుగులో. మొదటి వారంలోనే ఆవిడ పదకొండు మంది పిల్లల్లో ఆరుగురు మానేశారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం.

"అక్కడ ఏం చెప్తున్నారో మా పిల్లకి తెలీటం లేదంట. ఎందుకు పంపాలి టీచరమ్మా?" అని ఒక తల్లి మిషను తొక్కుతూనే అడిగింది.

"నాకూ సగం తెలీటం లేదమ్మా. అయినా వెళ్తున్నాగా. నా పక్కనే కూచోబెట్టుకుంటా."

ఇన్నేళ్ళ టీచరు ఆ మాట అంటుంటే తలెత్తలేకపోయాను. తల్లి పక్కన కూర్చున్న ఆ ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో సూది ఉంది. చొక్కాకి కాజాలు కుడుతోంది. కుట్లు అప్పుడే చక్కగా పడుతున్నాయి.

ఆ సాయంత్రం పెద్ద బడి హెడ్మాస్టరు గారికి ఒక అర్జీ రాశాను. అనువాదం కాదు, నా సొంత మాటలే. ఖాలా, తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. రెండు వారాల తర్వాత, రోజుకొక పీరియడు ఉర్దూలో చెప్పుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. నలుగురు పిల్లలు తిరిగి వచ్చారు. ఐదో పిల్లను వాళ్ళ నాన్న వేరే ఊరి బడిలో వేశాడు.

కాజాలు కుట్టే పిల్ల ఇంటికి ఖాలా ఇప్పటికీ వెళ్తూనే ఉంది.