జబ్బు ఉండాలని మొక్కుకున్నాను

ఉదయగిరిలో అంగన్‌వాడీ టీచర్ని నేను. పిల్లల్ని తూకమేసి, ఎత్తు కొలిచి, సరిగ్గా ఎదుగుతున్నారో లేదో చూడటం నా పని. నేను మాత్రం ఏ కాటా దరిదాపులకూ పోను. చిన్నప్పటి నుంచీ లావే. పెళ్లి భోజనాల్లో కూర్చుంటే చాలు, "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని ఎవరో ఒకరు నవ్వేవాళ్లు. పనికి పోతురాజునట! బడినిండా పిల్లల ముక్కులు తుడిచేది మరి ఎవరో! అందరికంటే నాయన పోరు ఎక్కువ. కొయ్య గరిటెలు చెక్కుకుంటూనే, నేను మారు అన్నం పెట్టుకోవడం కనిపెట్టి, "నోరు కట్టుకో పాపా" అనేవాడు.

నిరుడు ఒకటే నీరసంగా ఉంటే నెల్లూరులో హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. థైరాయిడ్ బాగానే ఉందన్నాడు. మెదడు కింద ఒక గ్రంథి ఉంటుంది, అది వదిలే ఎదుగుదల హార్మోన్ కూడా చూద్దామన్నాడు.

"ఎదగడం ఎప్పుడో ఆగిపోయింది గదా సార్, నాకెందుకది?" అన్నాను.

పెద్దయ్యాక కూడా అది కొవ్వు కరిగిస్తుందట, కండను నిలుపుతుందట. ఇన్నేళ్లుగా తల్లులకు ఎదుగుదల పాఠాలు చెబుతున్నానే, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!

తిరుగు బస్సులో మొక్కుకున్నాను: స్వామీ, ఆ గ్రంథిలో ఏదో ఒక జబ్బు ఉండేట్టు చూడు. అందరూ జబ్బు పోవాలని మొక్కుతారు, నాకు ఉండాలి. ఉంటే, ఇది తిండిపోతుతనం కాదు, రోగం అని చెప్పి అందరి నోళ్లూ మూయించొచ్చు.

పరీక్షకు పరగడుపున రమ్మన్నారు. నాయన తోడొచ్చాడు. ఆత్మకూరులో బస్సు ఆగగానే దిగి ఇడ్లీ పొట్లం తెచ్చాడు.

"ఇంద, తిను."

"తినకూడదన్నారు నాయనా."

"రెండు ఇడ్లీలకు ఏమైద్ది? మొహం చూడు ఎట్టుండాదో!"

జీవితమంతా తినొద్దన్న మనిషి, తినకూడని ఆ ఒక్కరోజే తినమంటాడు! కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నేను ముట్టలేదు. చివరికి ఆయనే కిటికీ వైపు తిరిగి తినేశాడు.

ఆసుపత్రిలో గ్రంథిని లేపడానికి ఒక మందు ఇచ్చి, పడుకోబెట్టి, కాసేపటికొకసారి రక్తం తీశారు. తలకు స్కానింగ్ కూడా చేశారు. రిపోర్టుకు మళ్లీ ఇద్దరం వెళ్లాం. నాయన బయట కూర్చున్నాడు. మందిచ్చినా హార్మోన్ పెద్దగా పెరగలేదన్నాడు డాక్టరు.

"అయితే జబ్బే గదా సార్!" అన్నాను ఆశగా.

"కాదమ్మా. లావుగా ఉన్నవాళ్లలో అది ఇలాగే మందగిస్తుంది. బరువు తగ్గితే మళ్లీ పెరుగుతుంది. స్కానింగ్‌లో కూడా మీ గ్రంథి బాగానే ఉంది."

నా మొక్కు గంగలో కలిసింది. ఏడుపొచ్చింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను: ఎందుకు మందగిస్తుంది?

మెదడులో సెరటోనిన్ అని ఒకటి ఉంటుందట. హార్మోన్ వదలమని గ్రంథికి పురమాయించే వాటిలో అదీ ఒకటి. కడుపు నిండింది, ఇక చాలు అని చెప్పడంలోనూ దానికి చెయ్యి ఉందట. లావుగా ఉన్నవాళ్లలో ఆ పురమాయింపు సరిగ్గా అందదేమోనని అనుమానం, పూర్తిగా తేలలేదు అన్నాడు.

"అయితే సార్, 'చాలు' అన్న మాట కూడా నాకు అందడం లేదా?"

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "కొందరికి తక్కువగా అందుతుందమ్మా. మీకూ అంతేనేమో. దాన్ని కొలిచే పరీక్ష నా దగ్గర లేదు."

బయటికి రాగానే నాయన బెంచీ మీద నుంచి లేచాడు. "ఏమన్నాడు?"

"జబ్బేం లేదంట."

రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అప్పుడు నా మొహం చూశాడు. "మరి ఏడస్తా ఉండావేంది?"

నాకు అర్థమైనంతలో చెప్పాను. తింటున్నప్పుడు చాలు అని లోపలి నుంచి ఒకటి చెప్పాలంట నాయనా, నాకు అది సరిగ్గా చెప్పదేమోనంట.

ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.

"అంటే పాపా, ఇన్నాళ్లూ నీకు నిజంగానే ఆకలయ్యేదా?"

"అయ్యేది నాయనా."