సూర్యుడు పుట్టకముందే మారిన తేదీ

కంప్యూటరు ముందు కూర్చున్నవాడిని జనం కాస్త భయంగా, కాస్త భక్తిగా చూసే కాలమది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. కడపలో డిగ్రీ అయిపోయి, పైన ఆరు నెలల కోర్సు కూడా చేసి, లోకంలో నాకు రాని విద్యంటూ లేదని నమ్ముతున్న రోజులు. (నమ్మడానికి ఖర్చేముంది?) మా వీధిలో కల్యాణ మండపం నడిపే శెట్టిగారు పిలిచి, బుకింగులన్నీ కంప్యూటర్లో పెట్టమన్నారు. ఎగిరి గంతేశాను.

ఆయన పుస్తకంలో ముహూర్తాలు "పన్నెండో తేదీ గురువారం రాత్రి 2.40" అన్నట్టు రాసి ఉండేవి. ఆ వాక్యాన్ని ముక్కలు చేసి ఇది తేదీ, ఇది పూట, ఇది గంట అని కంప్యూటరుకు అర్థమయ్యేలా ప్రోగ్రాం రాయాలి. వారం రోజులు అన్నం సయించలేదు. మధ్యలో చుక్క పెట్టినా, గీత పెట్టినా, పూట ముందు రాసినా, వెనక రాసినా నా ప్రోగ్రాం ఠక్కున పట్టేసేది. రాత్రి రెండంటే మధ్యాహ్నం రెండు కాదని కూడా నేర్పాను. తెరమీద మొదటిసారి అన్నీ కుదిరి కనిపించినప్పుడు కుర్చీలోంచి లేచి ఒక్క కేక వేశాను! శెట్టిగారు ముచ్చటపడి, నా నిశ్చితార్థానికి మండపం ఊరికే ఇస్తానన్నారు. మాకు కుదిరింది కూడా ఆ పన్నెండో తేదీ సాయంత్రమే. ఖాళీ ఉందా అని కంప్యూటర్ని అడిగితే, ఆ రాత్రి 2.40 ముహూర్తం పెళ్లివాళ్లు పన్నెండు మధ్యాహ్నానికే వెళ్లిపోతారు, ఉందని చెప్పింది. (అడిగిందీ నేనే, రాసిందీ నేనే, నమ్మిందీ నేనే.) ప్రొద్దుటూరులో కాబోయే మామగారికి ఫోను చేసి, నా దగ్గర తేదీ తప్పే ప్రశ్నే లేదని కోతలు కూడా కోశాను.

పదకొండో తేదీ మధ్యాహ్నం మంగంపేట నుంచి ఆ పెళ్లివారు రావాలి. పన్నీరు బుడ్డి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మూడయింది, నాలుగయింది, ఒక్క పురుగు లేదు. శెట్టిగారు పెళ్లికూతురి తండ్రికి ఫోను చేస్తే, ఆయన నింపాదిగా పెళ్లి రేపు రాత్రి కదా, రేపు బయలుదేరతామన్నాడు. శెట్టిగారు ఫోను పెట్టేసి నావైపు తిరిగారు.

"పన్నెండో తేదీ రాత్రి రెండు నలభై అంటే ఎప్పుడప్పా?"

అర్ధరాత్రి దాటగానే పన్నెండు వస్తుంది కాబట్టి, ఆ తర్వాత రెండు గంటల నలభై నిమిషాలకని చెప్పాను.

"సూర్యుడు పుట్టకముందే తేదీ యాడ మారుతుందప్పా? పెండ్లి పత్రికల్లో తెల్లారితేనే మర్రోజు."

పుట్టినప్పటి నుంచి పెళ్లి పత్రికలు చదువుతున్నవాడిని, ఆ సంగతి నాకు తెలియదా? కంప్యూటరు ముందు కూర్చోగానే మరిచిపోయాను. ఇప్పుడు రేపు సాయంత్రం ఒకే మండపంలో వాళ్ల పెళ్లి సందడి, నా నిశ్చితార్థం. పెళ్లి ఆపలేం. నాది వాయిదా వేయమంటే, తేదీ తెలియనివాడికి పిల్లనెలా ఇస్తామని మామగారు సంబంధమే వదులుకుంటారేమో.

అయినా ప్రొద్దుటూరికి ఫోను చేశాను. ఎత్తింది నేను చేసుకోబోయే అమ్మాయే. అప్పటికి మేం మాట్లాడుకున్నది రెండే రెండుసార్లు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. అవతల నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగదే!

"మండపం వాళ్లకే ఇయ్యండి. మనకు దాని మిద్దె మీద శానా జాగా ఉండాది కదా. నాయనకు నేను చెప్తాలే."

"మనకు" అన్న ఆ ఒక్క మాటకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కింద మంగంపేట వారి మేళం మోగుతుంటే, పైన మిద్దె మీద మేం తాంబూలాలు మార్చుకున్నాం. సంగతి తెలిసి పెళ్లికూతురి తండ్రి గంపెడు ఓలిగలు, అదే బొబ్బట్లు, పైకి పంపించాడు. మామగారు మాత్రం, పెళ్లికైనా రోజు తెలుసుకుని రమ్మని అందరి ముందూ అన్నారు. ఆ అమ్మాయి నా పక్కన తల వంచుకుని నవ్వాపుకుంటోంది.

ఆ వారమే ప్రోగ్రాంలో ఒక్క వరుస కలిపాను: రాత్రి అని ఉండి, గంట అర్ధరాత్రి దాటినదైతే తేదీకి ఒక రోజు కూడాలి. ఆ వరుస ఎందుకో చదివేవాళ్లకు తెలియాలని పక్కన చిన్న గమనిక రాయడం మా వృత్తిలో పద్ధతి. నేను అక్కడ ఆమె పేరు రాశాను, అంతే. శెట్టిగారి కంప్యూటరు ఎప్పుడో పాత సామాన్లలోకి పోయింది. నేను జన్మలో రాసిన ఒకే ఒక్క ప్రేమలేఖ అందులోనే ఉండిపోయింది. మా ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది, మళ్లీ ఆ నవ్వు మొదలవుతుంది.