సగం చక్రం

మంచును నేను ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. అదీ కరెంటు పోయినప్పుడల్లా కరిగి కింద మడుగు కట్టేది, నేను తిట్టుకుంటూ బట్టతో తుడిచేదాన్ని. అట్లాంటి నేను ఒక ఎండాకాలం సిద్దిపేటలో, కిరాయి ఇంట్లో, కుట్టుమిషన్‌కు ఫోన్ ఆనించి పెట్టుకుని రెండు వారాలు ఐస్ హాకీ చూశాను. యూరప్ దేశాల జట్లు ఆడే పోటీ అది. మనుషులు కత్తుల్లాంటి బూట్లు వేసుకుని, నల్లటి బిళ్ళ ఒకదాని వెంట పడి, ఒకరినొకరు గోడకేసి గుద్దుకుంటారు. ఎవరు గెలిచారని ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మేము చూసింది ఆటను కాదు. ఆట ఆగినప్పుడు మంచు మీదికి వచ్చే మిషన్‌ను.

మేమంటే నేనూ, మా మామా. నా భర్త ఆ పోటీ జరిగే దేశంలో, మ్యాచ్‌లు ఆడే హాల్లోనే పనిచేస్తున్నాడు. ఆ మిషన్ నడిపేది తనేనని చెప్పాడు. ఆటగాళ్ళ బూట్లకు మంచంతా గీతలు పడుతుంది కదా, ఆ మిషన్ పైపొర చెక్కేసి వెనక నుంచి పలుచగా నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు గడ్డకట్టి మంచు మళ్ళీ నున్నగా అవుతుంది. ఒక్కో మ్యాచ్‌లో రెండుసార్లు పెద్ద విరామం. ఆ రెండు విరామాల కోసం మేము ఆటంతా ఓపిక పట్టేవాళ్ళం.

పొమ్మన్నది నేనే. తొగుట దగ్గర మా ఊరు రిజర్వాయర్ కింద పోయినప్పుడు పొలంతోపాటు ట్రాక్టర్ కూడా పోయింది. పొలం లేని ట్రాక్టర్‌ను ఇంటి ముందు పెట్టుకుని ఏం చేస్తాం, అమ్మేశాం. సిద్దిపేటకు వచ్చాక ఆయన కొన్నాళ్ళు ఒకరి లారీ, కొన్నాళ్ళు ఇంకొకరి జేసీబీ నడిపి, చివరికి ఏ పనీ లేక గడపలో కూర్చున్నాడు. నేను జాకెట్లు కుడుతుంటే ఎదురుగా కూర్చుని దారపు ఉండలు చుట్టేవాడు. నా నోరు మంచిది కాదు. "మొగోనివి దారం చుట్టుకుంట కూసుంటే ఇల్లు ఎట్ల గడుస్తది?" అన్నాను ఒకరోజు. ఆ నెలలోనే ఏజెంటును పట్టుకున్నాడు.

అక్కడికి పోయాక ఏదో ఫ్యాక్టరీ అన్నాడు, అది మూతపడింది అన్నాడు, తర్వాత ఈ మంచు హాలు. మిషన్ మీద కూర్చుని, ఉన్ని టోపీ పెట్టుకుని దిగిన ఫోటో ఒకటి పంపాడు. మామ ఆ ఫోటోను తన ఫోన్ తెర మీద పెట్టించుకున్నాడు. చాయ్ హోటల్‌కు పోయి "మావోడు మంచు దున్నుతుండు" అని చెప్పి వచ్చాడు. పోటీ ఇంకో వారానికి మొదలవుతుందనగా నా భర్త ఫోన్ చేసి "నాయినకు చూపియ్యి, మా హాల్లనే పెద్ద పోటీ" అన్నాడు. తర్వాత పోటీ మొదలయ్యేదాకా ఆయన నుంచి ఫోన్ లేదు. పని ఎక్కువై ఉంటుందనుకున్నాం.

మొదటి మ్యాచ్ మాకు సాయంత్రం నాలుగున్నరకు పడింది. తెల్లటి మంచు మీద ఎర్రటి గీతలు, నీలం గీతలు, గుండ్రాలు చూసి మామ, "మల్లన్నకు పట్నం ఏసినట్టున్నది బిడ్డా" అన్నాడు. పట్నమంటే మల్లన్న ముందు రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గు, పూజ చివర దాన్ని తొక్కి చెరిపేస్తారు. ఆటగాళ్ళు దాని మీదికి ఉరికి రాగానే, "ఇగ తొక్కుతున్రు" అని నవ్వాడు. విరామంలో మిషన్ వచ్చింది. నడిపే మనిషికి హెల్మెట్, మొహానికి అడ్డంగా గుడ్డ. కెమెరా ఎక్కడో పై నుంచి చూపిస్తున్నది. ఎవరో నాకు ఆనవాలు దొరకలేదు.

మామ కళ్ళద్దాలు తుడుచుకుని ఫోన్‌కు ముక్కు ఆనించినంత పని చేశాడు. "మనోడే" అన్నాడు.

"మొఖం కనిపిస్తలేదు గద మామా?"

"మొఖమెందుకు? తోలుడు చూడు. పాత జాడ మీద సగం చక్రం పడుతున్నది."

నాటుకు ముందు మడిలో నీళ్ళు పెట్టి కరిగెట దున్నేటప్పుడు ట్రాక్టర్‌ను ఒడ్డు వెంబడి తిప్పుకొస్తూ లోపలికి రావాలి. ప్రతి చుట్టూ అంతకుముందటి జాడను సగం తొక్కాలి, లేకపోతే నడుమ గట్టి, అంటే దున్నని నేల, మిగులుతుంది. మామ తన కొడుక్కు నేర్పిన మొదటి సంగతి అది. మిషన్ కూడా అట్లాగే గోడ వెంబడి తిరిగి, సగం సగం తొక్కుతూ లోపలికి వచ్చింది. నేనూ మనోడే అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. ఎప్పుడూ మొహం చూపించి మాట్లాడే మనిషి ఆరోజు మాట మాత్రమే వినిపించాడు. "నాయినా, ఒక మాట చెప్పాలె..." అని మొదలుపెట్టాడు. మామ వింటే కదా. "చూసినం బిడ్డా! మూల మలుపుకాడ ఎంత సక్కగ తిప్పినవురా! గిన్నొద్దులకు నా పానం నిమ్మలమైంది" అన్నాడు. "ఆఁ నాయినా, నేనే" అన్నాడు అవతల నుంచి.

ఆ పన్నెండు రోజులు మా ఇల్లు ఇల్లులా ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఫోన్ చూపించాను. మామ అయితే బస్సెక్కి చంద్లాపూర్ పోయి, ట్రాక్టర్లున్న ఒక పాత పరిచయస్తుడితో మాట్లాడి వచ్చాడు. హాకీ అయిపోగానే కొడుకు సెలవు మీద వస్తాడు, నచ్చితే ఇక్కడే ఉండిపోతాడు, వానాకాలం కరిగెట పని వాడిదే అని ఖాయం చేసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు అని నేను ఎగతాళి చేశాను కానీ, లోపల నేనూ రోజులు లెక్కపెట్టుకున్నాను.

సెమీఫైనల్ రోజు మిషన్ రాగానే మామ అలవాటుగా "మనోడే" అన్నాడు. చక్రం సగం సగమే పడుతున్నది. కానీ కుర్చీల రంగు వేరుగా ఉంది. కింద ఇంగ్లీషులో ఊరి పేరు వేశారు, చదివాను. అది నా భర్త ఉండే ఊరు కాదు. ఆ పోటీని రెండు ఊళ్ళలో పెట్టారట, ఆ మ్యాచ్ రెండో ఊళ్ళో. మంచు మీద మిషన్ నడిపే ప్రతివాడూ పాత జాడను సగం తొక్కుతాడు. తొక్కకపోతే మంచు మీద గీత మిగులుతుంది. అంతే. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

వంటింట్లోకి పోయి ఫోన్ చేశాను, ఎత్తలేదు. "నిజం చెప్పు, నువ్వు ఏడున్నవ్?" అని రాశాను. గంట తర్వాత ఒక ఫోటో వచ్చింది. కుడిచెయ్యి, మోచేతి దాకా కట్టు. దాని వెనకే మాట రికార్డు చేసి పంపాడు.

"నేను డ్రైవర్ను కాదు. మిషన్ పోసిన మంచు పారతోని ఎత్తిపోసేటోన్ని. డ్రైవర్ లేనప్పుడు ఎక్కి ఫోటో దిగిన. మిషన్ కింద మంచు చెక్కే కత్తి ఉంటది, మనిషంత పొడుగు. పోటీకి ముందు అది మారుస్తుంటే జారి చేతి మీద పడ్డది. నాలుగు వేళ్ళ నరాలు తెగినయ్. ఆ మొదటి రోజు చెప్దామనే ఫోన్ చేసిన. నాయిన గంత సంబురంగ మాట్లాడుతుంటే నోరు రాలే."

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. అబద్ధమాడినందుకు ఆయన మీద, చూపు ఆనని మామ చేతికి ఫోన్ ఇచ్చినందుకు నా మీద. దారం ఉండల మాట గుర్తుకొచ్చాక ఏడుపు వచ్చింది. ఆ నాలుగు వేళ్ళతోనే ఆ దారం చుట్టేవాడు.

మామకు చెప్పలేదు. ఫైనల్‌ను తెల్లారి ఫోన్‌లో మళ్ళీ వేసుకుని చూశాం. "మనోడేనా బిడ్డా?" అని ఆరోజే మొదటిసారి నన్ను అడిగాడు. "మనోడే మామా" అన్నాను. చేసినవాటిలో అదే పెద్ద తప్పు.

నెల దాటాక నా భర్త వచ్చాడు. చెయ్యి తువ్వాల కింద పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. మామ ఎదురుపోయి, "చంద్లాపూర్ల ట్రాక్టర్ తయ్యారున్నది, ఎల్లుండి నుంచి కరిగెట" అన్నాడు. ఆయన తువ్వాల తీశాడు. బొటనవేలు తప్ప మిగతావి ముడుచుకుని ఉన్నాయి.

"ఎప్పుడైంది?" అన్నాడు మామ.

"పోటీ మొదలుకాక ముందే నాయినా."

మామ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. తిడితే బాగుండునని నిలబడ్డాను. తిట్టలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే లేచి, మాట ఇచ్చిన కదా అని, ట్రాక్టర్ తోలడానికి తనే చంద్లాపూర్ బస్సెక్కాడు. ఆపడానికి నాకు మొహం లేదు.

మామ పనికి పోయిన మూడో రోజు ట్రాక్టర్ ఆసామి ఫోన్ చేశాడు. "మీ మామను ఇగ పంపియ్యకమ్మా. పాత జాడ కనిపిస్తలేనట్టున్నది, మడి నడిమిట్ల అంత గట్టి మిగుల్తున్నది."

ఆ సాయంత్రం మామ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, నా కుట్టుమిషన్ పక్కన కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను, తాగలేదు. "మరి గా మంచు మీద మిషన్ తోలినాయన ఎవలు బిడ్డా?" అన్నాడు.

"తెలువదు మామా."

"ఎవలో గని, మంచిగ తోలిండు."

లోపలి గదిలో నా భర్త ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. ఆ మాట విని చెయ్యి ఆపాడు. మళ్ళీ కలపలేదు.