దవాఖాన పని లేకుండా వరంగల్‌కి

గోదావరిఖనిలో ఉండే మా ఇంటికి వరంగల్ అంటే దవాఖానే. అత్తయ్య కంటి ఆపరేషన్‌కీ, మా చిన్నమ్మాయి టైఫాయిడ్‌కీ, నాలుగు నెలల కింద మా ఆయన గుండెలో స్టెంట్ వేయించడానికీ అక్కడికే పరుగెత్తాం. రైలు దిగడం, ఆటో ఎక్కడం, ఆస్పత్రి వరండాలో కూర్చోవడం. కోట ఏ వైపు ఉందో కూడా తెలియదు. మా ఆయన ప్రభాకర్ బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాడు. ఇక బాయిలోకి దిగొద్దనీ, పైన తేలిక పనులు చేసుకోవచ్చనీ, రోజూ నడవాలనీ డాక్టర్ చెప్పాడు. సోమవారం నుంచి డ్యూటీ ఎక్కుతానని ఆయన, ఇంకో రెండు నెలలు సెలవు పెట్టమని నేను. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"డ్యూటీ ఎక్కే ముందు ఒక్క దినం ఎటన్న పోదాం సునీతా. ఎప్పుడు చూసినా దవాఖాన్లకే పోతిమి. వరంగల్ కోట చూసొద్దాం" అన్నాడు. నేను పాఠాలు చెప్పే బడిలో శనివారం సెలవు పెట్టాను. సంతోషంతో కాదు, వద్దంటే ఒక్కడే బయల్దేరతాడని.

పొద్దున్నే షేర్ ఆటోలో రామగుండం స్టేషన్ చేరుకున్నాం. అక్కడి నుంచి పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట మీదుగా వరంగల్‌కి రెండు గంటల పైమాటే. రిజర్వేషన్ లేకపోయినా టికెట్టు దొరుకుతుంది, సీటే దొరకదు. ఆయన తలుపు దగ్గర నిలబడేసరికి నా మనసు ఊరుకోలేదు. కిటికీ పక్కనున్న ఒకాయనతో "పేషెంటండీ, కొంచెం జరుగుతారా" అన్నాను. అతను లేచి చోటిచ్చాడు. ప్రభాకర్ కూర్చున్నాడు గానీ, పేషెంటన్నానని జమ్మికుంట దాటేదాకా నాతో మాట్లాడలేదు.

వరంగల్ స్టేషన్ బయట యూసుఫ్ అనే డ్రైవర్ ఆటో మాట్లాడుకున్నాం. వెయ్యి స్తంభాల గుడి, కోట, భద్రకాళి చెరువు చూపించి, మళ్లీ స్టేషన్‌లో దించడానికి ఆరు వందలు అడిగి ఐదు వందలకు ఒప్పుకున్నాడు. ఎక్కగానే నేనడిగిన మొదటి మాట, కోట దగ్గర్లో గుండె డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని. యూసుఫ్ అద్దంలోంచి నన్ను చూశాడు. "కోట చూస్తరా, దవాఖాన చూస్తరా అక్కా?" ప్రభాకర్ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భుజానికి తగిలించుకున్న సంచిలో నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఉన్నాయో లేదో మళ్లీ తడిమి చూసుకున్నాను.

ముందుగా హనుమకొండలోని వెయ్యి స్తంభాల గుడికి వెళ్లాం. ఉదయం పూట జనం తక్కువ, రాయి ఇంకా చల్లగా ఉంటుంది. అద్దంలా మెరిసే ఒక నల్లరాతి స్తంభాన్ని మా ఆయన వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. బాయిలో పైకప్పు గట్టిదా, బోలుదా అని అలాగే తట్టి చూస్తారట. "మంచి బండ. ఏం ఫికర్ లేదు, లోపలికి రా" అన్నాడు. నాలుగు నెలల్లో ఆయన గొంతులో ఆ హుషారు వినడం అదే మొదలు.

కోటకు చేరేసరికి ఎండ ముదిరింది. నాలుగు తోరణాల మధ్య విరిగిన శిల్పాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆగి చూడాలంటే గంటకు పైగా కావాలి. అక్కడితో ఆపుదామన్నాను. ఆయన కోటలోనే ఉన్న ఏకశిల గుట్ట వైపు చెయ్యి చూపించాడు. "డాక్టర్ నడువుమన్నడు గదా. నిమ్మలంగ ఎక్కుత."

ఆయన ముందు, నేను వెనక. చుట్టూ ఏముందో నేను చూడలేదు. ఆయన భుజాలు ఎలా కదులుతున్నాయో, ఊపిరి ఎలా తీస్తున్నాడో అదే చూస్తూ ఎక్కాను. సగం దూరంలో ఆగాడు. "నొప్పా?" అన్నాను. "లేదు, గుట్ట కింది చెరువు చూస్తున్న" అన్నాడు. ఆ చెరువు చూద్దామని తల తిప్పాను. ఎండంతా ఒక్కసారిగా పసుపు రంగుకు తిరిగింది. చెవుల్లో హోరు.

కళ్లు తెరిచేసరికి బండ నీడన పడుకుని ఉన్నాను. నా పాదాలు ఆయన ఒళ్లో ఎత్తుగా ఉన్నాయి. "లెవ్వకు, గట్లనే పండు" అంటూ ఒక చేత్తో నా నాడి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చేస్తున్నాడు. "యూసుఫ్ భాయ్, చక్కెర నీళ్లు తీస్కోని జల్ది రా."

యూసుఫ్ రొప్పుతూ వచ్చి సీసా అందించాడు. "మీ ఇద్దర్ల పేషెంటు ఎవరో నాకు సమజ్ కాలేదన్నా" అన్నాడు. నీళ్లు తాగాక ప్రభాకర్ అడిగాడు: "పొద్దుగాల్నుంచి ఏం తిన్నవ్?" ఆయనకు ఉప్పు తగ్గించి ఇడ్లీలు కట్టాను, రైల్లో తినిపించాను. నేను రాత్రి నుంచి ఏమీ ముట్టలేదు.

"నా మీదనే కన్నేసుకోని ఉన్నవ్. నిన్నెవలు చూడాలె?"

అప్పుడు ఏడుపొచ్చింది. "నువ్వు డ్యూటీకి పోతే నాకు ఇంట్ల ఊపిరాడది" అన్నాను.

"నాకూ భయమైతది సునీతా. గుండె కొట్టుకుంటున్నదా అని చెయ్యేసి చూస్కోనే పండుకుంట. కాని నువ్వు చూసే చూపుకు ఇంకింత భయమైతది. ఇయ్యాల్నో రేపో పోయెటోన్ని చూసినట్టు చూస్తవ్."

శిఖరం దాకా వెళ్లలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని మెల్లగా దించాడు. కోట దారిలో ఒక చిన్న మెస్సులో పప్పూ అన్నం తిన్నాం. యూసుఫ్‌ని కూడా బలవంతంగా కూర్చోబెట్టాం. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద, రైలు వేళ దాకా, నాలుగు నెలలుగా దాచుకున్నవన్నీ మాట్లాడుకున్నాం.

ఆయన సోమవారం డ్యూటీ ఎక్కాడు. నా భయం పోయిందని అబద్ధం చెప్పను. మొదటి రోజు ఫోన్ చేతిలోనే పట్టుకుని పాఠం చెప్పాను. కానీ ఇన్నాళ్లూ నేను ఆయన ఛాతీనే చూశాననీ, ముఖం చూడలేదనీ ఆ గుట్ట మీద తెలిసింది. ఇప్పుడు ఆయన ఇంటికి రాగానే ముందు ముఖం చూస్తున్నాను. అలిసిపోయి ఉంటుంది, కానీ ఆ ముఖంలో పేషెంటు కాదు, మనిషి ఉన్నాడు.

వరంగల్ వెళ్లేవాళ్లకు ఒక్క మాట. గుట్ట ఎక్కాలనుకుంటే ముందు కోటకే వెళ్లి, ఎండ ముదరకముందే ఎక్కేయండి. వెంట జబ్బు మనిషి ఉంటే, ఆయనకు తినిపించేటప్పుడు మీరూ పక్కన కూర్చుని తినండి.