చెవిటి బాపుకు వినపడిన పిలుపు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. సోలాపూర్‌లో మా జోడ్‌భావి పేట్‌లో ఎవరికి జ్వరమొచ్చినా నిమ్మకాయతో దిష్టి తీసి గల్లీ మూల మీద పడేసేవాళ్లు. చిన్నప్పుడు ఒకసారి ఆ నిమ్మకాయ తెచ్చి షర్బత్ చేసుకుని తాగాను. అమ్మ చేతి దెబ్బలు తప్ప నాకేమీ కాలేదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను.

మా బాపు, అంటే నాన్న, పవర్‌లూం కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. ఇరవై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడితే చెవులు ఉంటాయా? నలభై దాటేసరికి పూర్తిగా పోయాయి. వెనక పళ్లెం పడేసినా తిరిగి చూసేవాడు కాదు. ఇక రావని డాక్టర్ కూడా చెప్పేశాడు.

కార్ఖానాలో ఎవరూ నోటితో పిలవరు, పిలిచినా వినపడదు. చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచేత్తో గుండె మీద రెండుసార్లు తడితే 'నా దగ్గరికి రా' అని అర్థం. బాపుకు అన్నం తీసుకెళ్లి తీసుకెళ్లి మాకూ ఆ సైగలు వచ్చేశాయి. అమ్మ బీడీలు చుట్టేది, చేతులు ఖాళీ ఉండేవి కావు. అందుకని గొంతు లేకుండా పెదవులు కదిపేది, బాపు వాటిని చూసి అర్థం చేసుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకు మాది మూగవాళ్ల ఇల్లేమో అనిపించేది.

ఎనభైల చివర్లో, ఒక శ్రావణమాసం, కార్ఖానా సెలవు రోజున నలుగురం కొండ ఎక్కడానికి వెళ్లాం. నాకు పద్నాలుగేళ్లు, చెల్లెలు పద్మకు ఎనిమిది. తుల్జాపూర్ వైపు కొండల్లో అది ఒకటి. పేరు చెప్పను, ఇప్పటికీ జనం పిల్లాపాపలతో వెళ్తున్నారు. బస్సు దిగినప్పుడు ఎండ మాడ్చేస్తోంది. అమ్మ జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ మూట కట్టి చంకన పెట్టుకుంది.

సగం ఎక్కామో లేదో గాలి మారింది. నాలుగు చినుకులు పడి ఆగాయి. తర్వాత కింద లోయలోంచి పొగమంచు లేచింది. చూస్తుండగానే ముందున్న బాట కనపడకుండా పోయింది.

"ధుకె లేస్తున్నది, ఒకరి చెయ్యి ఒకరు ఇడవకుండ్రి," అన్నది అమ్మ. బాపు ముందు నడుస్తున్నాడు. అమ్మ పెదవులు చూస్తే కదా ఆయనకు తెలిసేది.

తప్పు నాదే. పద్మ చేయి నా చేతిలోనే ఉండేది. చెప్పు తెగితే చూసుకుందామని వంగి, ఒక్క క్షణం వదిలాను. లేచేసరికి పద్మ లేదు.

గొంతులు పగిలేలా అరిచాం. వెనక్కి తిరిగితే మేం కనపడక బాపు తడుముకుంటూ వచ్చాడు. అమ్మ ఆయన మొహానికి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లి "బిడ్డ లేదు" అని పెదవులు కదిపింది.

అప్పుడే ఎడమ వైపు నుంచి పద్మ గొంతు వచ్చింది. "అమ్మా, ఈడ ఉన్న." చాలా దగ్గర. ఏడుపు లేదు. స్నానానికి వేడినీళ్లు అడిగినట్టు మామూలుగా ఉంది. అమ్మకూ వినపడింది, నాకూ వినపడింది. "వస్తున్న బిడ్డా!" అంటూ అమ్మ అటు నాలుగు అడుగులు వేసింది.

బాపు వెనకే వెళ్లి ఆమె మణికట్టు పట్టి లాగాడు. "అటు పోకు. బిడ్డ ఇటు పిలుస్తున్నది," అని కుడి వైపు చూపించాడు.

అమ్మ విదిలించుకుంది, ఆయన్ని కొట్టింది. చెవులున్న మేము చెవిటి మనిషి మాట వినాలా? నాకూ బాపు మీద పిచ్చికోపం వచ్చింది. ఆయన పట్టు వదల్లేదు. ఎక్కడా తడబడకుండా అమ్మను ఈడ్చుకుంటూ కుడి వైపు నడిచాడు. నేను ఏడుస్తూ వెంట పడ్డాను. వెనక ఆ గొంతు ఇంకో రెండుసార్లు పిలిచింది. తర్వాత ఆగిపోయింది.

పద్మ ఒక బండ కింద ముడుచుకుని కూర్చుంది. పెదవులు నల్లబడ్డాయి. అరచేత్తో గుండె మీద తట్టుకుంటోంది. రెండుసార్లు, కాస్త ఆగి మళ్లీ రెండుసార్లు. బాపు ఎత్తుకున్నాక కూడా ఆపలేదు.

"నోరు లేదానే? ఎందుకు అరవలే?" అని అడిగింది అమ్మ.

"అరిస్తే బాపుకు ఇనపడది గద. అందుకే చెయ్యితోని పిలిచిన."

రెండు గజాల దూరం కూడా కనపడని మంచులో పిలిచింది, పిచ్చిది.

మంచు తేలిపోయాక అదే దారిన దిగాం. ఇందాక ఆ గొంతు వచ్చిన వైపు, అమ్మ చంకలోంచి జారిన రొట్టెల మూట కనపడింది. దాని అవతల ఇంకో రెండు అడుగులే నేల. ఆ కింద లోయ. అమ్మ అక్కడే కూలబడిపోయింది. ఆ మూటను ఎవరం ముట్టుకోలేదు.

కొండల్లో గొంతు బండలకు కొట్టి వేరే దిక్కు నుంచి వినపడుతుందని తర్వాత ఒకరు అన్నారు. నోరే విప్పని పిల్ల గొంతు ఎక్కడ కొట్టి వచ్చింది మరి? బాపును ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే మాట. "కార్ఖానల మిషిన్లన్ని ఒక్కసారి బంద్ అయితయి సూడు, గట్లయింది. అండ్ల బిడ్డ పిలిచింది." ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయనకు ఏ శబ్దమూ వినపడలేదు.

అప్పటినుంచి అమ్మ ఒక్క పిలుపుకు పలికేది కాదు. మూడుసార్లు పిలవాలి, మొహం కనపడాలి. మేం ఆటపట్టించేవాళ్లం.

పదేళ్ల తర్వాత అమ్మ ఊపిరితిత్తులు చెడిపోయి ఆసుపత్రిలో ఉంది. ఒక మధ్యాహ్నం, వార్డులో ఎండ పడుతోంది. పద్దెనిమిదేళ్ల పద్మ మంచం మీద కూర్చుని అమ్మ కాళ్లు ఒత్తుతోంది. బాపు మాకు వీపు పెట్టి తలుపు దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఈడ ఉన్న."

నాకు స్పష్టంగా వినపడింది. ఎనిమిదేళ్లప్పటి పద్మ గొంతు. పద్మ వైపు చూశాను. ఆమె పెదవులు కదల్లేదు, ఆమెకు ఏమీ వినపడలేదు కూడా. అమ్మ ఎడమ వైపు గోడ కేసి తల తిప్పి, మొదటి పిలుపుకే పలికింది. "వస్తున్న బిడ్డా."

బాపు ఒక్క ఉదుటున లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "పోకు," అన్నాడు. "బిడ్డ ఈడనే ఉన్నది." చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. ఈసారి అమ్మ విదిలించుకోలేదు. అప్పటికే పోయింది.

అది దయ్యమని ఇప్పటికీ అనను. ఏమనాలో తెలియదు, అంతే. పద్మ నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. వంటింట్లోంచి "అక్కా" అని పిలిస్తే నేను పలకను. లేచి వెళ్లి, మొహం చూశాకే పలుకుతాను.